శాంటా మీరేనా అని పాప అడిగితే

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా టెక్సస్‌లో, డాలస్ పక్కన ఉంటున్నాం. మేము హిందువులమే అయినా, పాప కిండర్‌గార్టెన్‌లో చేరిన ఏడాది నుంచి ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెడుతున్నాం. రాత్రి శాంటా వచ్చి ఉంచి వెళ్లాడని చెప్పి చెట్టు కింద కానుకలు పెడుతున్నాం. ఇప్పుడు పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు నాలుగు. పోయిన వారం స్కూల్లో భోజనాల దగ్గర ఒక పిల్లవాడు "శాంటా లేడు, అన్నీ అమ్మానాన్నలే కొంటారు" అన్నాడట. ఆ రాత్రి పడుకునే ముందు పాప "అమ్మా, నిజం చెప్పు, శాంటా మీరేనా?" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచక "పొద్దుపోయింది, పడుకో" అని తప్పించుకున్నాను. మా వారు ఇంకో ఏడాదైనా నమ్మనివ్వమంటున్నారు. గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరున్న మా అత్తగారేమో "మనది కాని పండుగకు పిల్లలతో అబద్ధాలు చెప్పడమెందుకు, ఇప్పుడు బాధపడటమెందుకు" అంటున్నారు. నిజం చెబితే పాప ఇకమీదట మా మాట నమ్ముతుందా? రేపు వేంకటేశ్వర స్వామి కూడా మీరు కల్పించిందేనా అని అడిగితే ఏం చెప్పాలి? వెళ్లి తమ్ముడికి చెప్పేస్తే?
— ఒక తల్లి, టెక్సస్

సమాధానం:

మీ పాప ఏమని అడిగిందో ముందు గమనించండి. శాంటా ఉన్నాడా అని అడగలేదు, శాంటా మీరేనా అని అడిగింది. ఉన్నాడా అనే ప్రశ్న బహుశా ఆరేళ్లప్పుడే వచ్చి ఉంటుంది. అప్పుడు మీరేదో చెప్పి ఉంటారు, తనూ ఊరుకుని ఉంటుంది. ఈసారి మాత్రం సమాధానం దాదాపుగా తానే తేల్చుకుని, అది సరైనదో కాదో చూసుకోవడానికి మీ దగ్గరికి వచ్చింది. కనుక నా సలహా మొదటే చెప్పేస్తాను: నిజం చెప్పండి, ఈ వారంలోనే చెప్పండి. ఎందుకు చెప్పాలో, ఎలా చెప్పాలో, మీరు భయపడుతున్నవాటిలో ఎన్ని నిజంగా జరుగుతాయో కొంచెం వివరంగానే రాస్తాను. మీ ఉత్తరం చదివితే ఈ విషయంలో పాప కన్నా మీరే ఎక్కువ కలవరపడుతున్నట్టు కనిపించింది, అందుకని.

ఎనిమిదేళ్ల పిల్ల ఇన్నాళ్లూ శాంటాను నమ్మిందంటే అది తెలివితక్కువతనమని మీరు గానీ మీ అత్తగారు గానీ అనుకోనక్కరలేదు. మీరున్న దేశంలో ఆ నమ్మకానికి పెద్దలంతా కలిసి ఎంత సాక్ష్యం పోగుచేస్తారో చూడండి. కొలరాడో స్ప్రింగ్స్‌లోని వాయు రక్షణ కేంద్రం 1955లో శాంటా బండి ఆకాశంలో ఎక్కడుందో చెప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏర్పడిన నోరాడ్ అనే రక్షణ సంస్థ ఆ ఆనవాయితీని ఇప్పటికీ ఏటా డిసెంబరు 24న కొనసాగిస్తోంది. పిల్లలు శాంటాకు రాసే ఉత్తరాలకు జవాబివ్వడానికి అమెరికా తపాలా శాఖ 1912 నుంచి తన ఉద్యోగులను అనుమతిస్తూ వచ్చింది; పక్కనున్న కెనడా అయితే అతని పేరిట ఒక పిన్‌కోడే ఇచ్చేసింది. టీవీలో వాతావరణం చెప్పే ఆయన రాడార్ మీద ఎర్రటి చుక్కను చూపిస్తాడు, మాల్‌లో శాంటా ఒళ్లో కూర్చోబెట్టి ఫొటో తీస్తారు, బడిలో టీచరు అతనికి ఉత్తరం రాయిస్తుంది, పొద్దున లేచేసరికి కానుక కళ్లెదుట ఉంటుంది. సైన్యమూ తపాలా శాఖా బడీ అమ్మానాన్నలూ ఒకే మాట చెబుతుంటే నమ్మకపోవడమే వింత. అంత సాక్ష్యాన్ని దాటుకుని ఒక పిల్ల తనంతట తాను అవతలి ఒడ్డుకు చేరిందంటే ఆ బుర్ర బాగా పనిచేస్తోందని అర్థం.

ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాక్వెలిన్ వూలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి 2004లో ప్రచురించిన ఒక పరిశోధన ఇక్కడ గుర్తుకు వస్తోంది. అప్పటిదాకా ఎవరూ వినని ఒక మిఠాయి మంత్రగత్తెను వాళ్లు కల్పించారు. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు పోగుచేసుకునే హాలోవీన్ పండుగ రాత్రి ఆమె వచ్చి ఆ మిఠాయిలు తీసుకుని బదులుగా బొమ్మ పెట్టి వెళుతుందని చిన్న పిల్లలకు చెప్పారు. చాలామంది నమ్మారు. ఆ పిల్లల్లో కాస్త పెద్దవాళ్ల విషయంలో, తెల్లవారి నిజంగా బొమ్మ దొరికినవాళ్లు దొరకనివాళ్ల కన్నా ఎక్కువ గట్టిగా నమ్మారు. పెద్దలు చెప్పిన మాట, దానికి తోడు కంటికి కనిపించే ఆధారం, ఈ రెండూ ఉంటే పిల్లలు నమ్ముతారు. మనమూ అంతే.

ఆ నమ్మకం వీడే తీరు కూడా ఒక పద్ధతిలోనే ఉంటుంది. ఒక్కరోజులో ఎవరో ఒక మాట అనేయడం వల్ల పోయిందని పెద్దలకు అనిపిస్తుంది గానీ, లోపల చాలాకాలంగా నడుస్తున్న లెక్క ఆ మాటతో తేలుతుంది, అంతే. మొదట పిల్లలు శాంటా పక్షాన వాదిస్తారు. ఈ మాల్‌లో ఒక గడ్డం, ఆ దుకాణంలో ఇంకో గడ్డం కనిపిస్తే వాళ్లంతా అతని సహాయకులని తామే సర్దిచెప్పుకుంటారు. మన అపార్ట్‌మెంట్‌కు పొగగొట్టం లేదు కదా అంటే, అతని దగ్గర అన్ని ఇళ్లకూ పనికొచ్చే తాళంచెవి ఉంటుందని వాళ్లే చెబుతారు. తర్వాత ఎలా అనే ప్రశ్నలు మొదలవుతాయి: ఒక్క రాత్రిలో ఇన్ని ఇళ్లకు ఎలా తిరుగుతాడు, జింకలు రెక్కలు లేకుండా ఎలా ఎగురుతాయి, అన్ని బొమ్మలు ఒక్క సంచిలో ఎలా పడతాయి. లాస్ ఏంజలెస్‌లోని ఆక్సిడెంటల్ కాలేజీకి చెందిన ఆండ్రూ ష్టుల్మన్ తన సహ పరిశోధకురాలితో కలిసి 2015లో ఈ సంగతినే పరిశీలించాడు. మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను, శాంటాకు ఉత్తరం రాస్తే ఏమడుగుతారని అడిగితే, లోకంలో ఏది జరుగుతుందో ఏది జరగదో ఇంకా బాగా తెలియని పిల్లలు అతని ఇష్టాయిష్టాలూ ఊరూ పేరూ వంటివి అడిగారు. అది తెలిసిన పిల్లలు అతను ఆ పనులన్నీ ఎలా చేయగలుగుతున్నాడని అడిగారు. వాళ్లలో చాలామంది అప్పటికింకా నమ్ముతున్నవాళ్లే. నమ్మకం పోకముందే ప్రశ్న మారుతుందన్నమాట. మీ పాప కిందటేడో అంతకుముందో ఇలాంటి ప్రశ్నలు అడిగి ఉంటుంది, గుర్తుచేసుకుని చూడండి.

ఆపైన పరీక్షలు పెట్టడం మొదలవుతుంది. ఒక కోరికను మీకు చెప్పకుండా మనసులోనే దాచుకుని, అది వస్తుందా రాదా అని చూస్తారు. కానుక మీద చేతిరాతను సరుకుల జాబితా మీది చేతిరాతతో పోల్చి చూస్తారు. శాంటా కానుకకూ, మేనమామ పంపిన కానుకకూ ఒకే కాగితం చుట్టి ఉంటే ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా దాచుకుంటారు. వీటన్నిటికన్నా ముల్లులా గుచ్చుకునే ప్రశ్న ఒకటి ఉంది, పెద్దలు దాన్ని తరచుగా మరిచిపోతారు: మంచి పిల్లలకు మంచి కానుకలంటారు కదా, మరి ఎదురింటి పిల్లకు ఐప్యాడ్ వచ్చి, బస్సులో పక్కన కూర్చునే పిల్లకు ఒక జత మేజోళ్లే ఎందుకు వచ్చాయి? ఎనిమిదేళ్ల పిల్లకు న్యాయాన్యాయాలు బాగానే తెలుస్తాయి. శాంటా ధనవంతుల ఇళ్లకే ఖరీదైనవి పట్టుకెళుతున్నాడని గమనించిన పిల్ల, శాంటా చెడ్డవాడనైనా అనుకోవాలి, శాంటా లేడనైనా అనుకోవాలి. చాలామంది పిల్లలు రెండోదే ఎంచుకుంటారు, శాంటా మీద వాళ్ల ప్రేమ అలాంటిది.

కనుక ఆ భోజనాల బల్ల దగ్గరి పిల్లవాడి మీద కోపం పెట్టుకోకండి, టీచరుకు ఫిర్యాదు చేయకండి. ఆ తరగతిలో యూదుల పిల్లలు, ముస్లింల పిల్లలు, శాంటా ఊసే లేని మన ఇళ్ల పిల్లలు కూడా ఉండి ఉంటారు. ఇతరుల రహస్యాన్ని ఏళ్ల తరబడి నోరు మెదపకుండా మోయమని అంత చిన్నవాళ్లను అడగడం న్యాయం కాదు. పైగా మీ పాప అతని మాట విని ఊరుకోలేదు, ఇంటికొచ్చి మిమ్మల్ని అడిగింది. తోటిపిల్లవాడి మాట కన్నా అమ్మ మాటకే ఇంకా విలువ ఎక్కువని దాని అర్థం. మీరు కాపాడుకోవలసింది దాన్ని.

ఇక నిజం తెలిస్తే పిల్లలు ఎంత బాధపడతారన్న విషయానికి వద్దాం. 1994లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, శాంటాను నమ్మడం మానేసిన 52 మంది పిల్లలతోనూ వాళ్ల తల్లిదండ్రులతోనూ మాట్లాడారు. పిల్లల్లో ఎక్కువమంది ఏడేళ్ల దగ్గర తమంతట తామే తెలుసుకున్నారు, తెలిసినప్పుడు తమకు కలిగినవి చాలావరకు మంచి భావాలేనని చెప్పారు. విచారమంతా తల్లిదండ్రుల్లోనే ఎక్కువగా కనిపించింది. మీ ఊరికి దగ్గర్లోనే, డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో కాండిస్ మిల్స్ అనే ఆచార్యురాలు తన బృందంతో 2024లో ప్రచురించిన అధ్యయనం మరికొంచెం లోతుకు వెళ్లింది. 48 మంది పిల్లలనూ, 383 మంది పెద్దలనూ అడిగితే, నమ్మకం పోయిన వయసు సగటున ఎనిమిదేళ్ల దగ్గర తేలింది. పిల్లల్లో సుమారు మూడోవంతు మంది, పెద్దల్లో దాదాపు సగం మంది ఆ సమయంలో ఏదో ఒక బాధ కలిగిందని చెప్పారు; అయితే చాలామందికి అది ఎక్కువ రోజులు నిలవలేదు. బాధపడ్డవాళ్లు కూడా చాలామంది తమ పిల్లలకు ఈ ఆచారాన్ని కొనసాగిస్తామనే అన్నారు. అంటే మీ పాప రెండు మూడు రోజులు ముభావంగా ఉండవచ్చు, ఒకసారి ఏడవవచ్చు కూడా. అది జరిగితే కొంపలు మునగవు. పక్కన కూర్చోండి, చాలు.

దీనికి అవతలివైపు వాదన కూడా ఉంది, దాన్ని మీకు దాచను. 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో క్రిస్టఫర్ బాయిల్, కాతీ మెక్‌కే అనే ఇద్దరు, ఇంత పెద్ద విషయంలో ఇన్నేళ్లు అబద్ధం చెప్పిన తల్లిదండ్రులను పిల్లలు మిగతా విషయాల్లో ఎందుకు నమ్మాలని ప్రశ్నించారు. ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. కానీ మీరు చేసినది అబద్ధమా ఆటా అన్నది మీరిప్పుడు ఏం చేస్తారన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉందని నేననుకుంటాను. మన ఇళ్లలో చిన్నపిల్లల చేతిలోని చాక్లెట్‌ను వెనక్కి దాచి "కాకి ఎత్తుకుపోయింది" అంటాం; పిల్లలు నోరు తెరిచి ఆకాశం వైపు చూస్తారు; మళ్లీ చేతిలో పెట్టగానే నవ్వుతారు. కాస్త పెద్దయ్యాక అదే పిల్లలు మన చేయి విడదీసి చూపించమంటారు. అప్పుడు మనం చేయి విప్పుతాం. గుప్పిట మూసుకుని నిజంగానే కాకి తీసుకుపోయిందని ఒట్టు పెట్టం. చేయి విప్పమని అడిగినా విప్పకపోతేనే ఆట అబద్ధమవుతుంది.

మీ వారు ఇంకో ఏడాది అంటున్నది ఎవరి కోసమో వారినే నెమ్మదిగా అడిగి చూడండి. తండ్రులకు ఇది మామూలే. రాత్రి పన్నెండింటికి నేల మీద కూర్చుని బొమ్మ సైకిలు బిగించి, శాంటా కోసం పెట్టిన బిస్కట్టును సగం కొరికి పెట్టిన మనిషికి ఆ పని పోతుందంటే దిగులుగా ఉంటుంది. ఆ దిగులు సరైనదే, దాచుకోనక్కరలేదు. కానీ దాన్ని తీర్చడం కోసం, నిజం చెప్పమని అడిగిన పిల్లకు కొత్త సాక్ష్యాలు సృష్టించడం మాత్రం తప్పు. మైదాపిండితో అడుగుల గుర్తులు వేయడం, ఫోన్‌లో శాంటాతో మాట్లాడించే యాప్ పెట్టడం, "నమ్మనివాళ్లకు కానుకలు రావు" అని బెదిరించడం వంటివి ఇకమీదట వద్దు. అలా చేస్తే జరిగేది రెండింటిలో ఒకటి. పాప తన బుర్రను తానే నమ్మడం మానేస్తుంది. లేదా మీ సంతోషం కోసం నమ్ముతున్నట్టు నటించడం మొదలుపెడుతుంది. రెండోది మీరనుకున్న దానికన్నా ఎక్కువ ఇళ్లలో జరుగుతుంది. తల్లిదండ్రులేమో పిల్లల కోసం, పిల్లలేమో తల్లిదండ్రుల కోసం లేని మనిషికి బిస్కట్లు పెడుతూ ఒకటి రెండేళ్లు గడిపేస్తారు. అందులో కొంత ప్రేమ ఉంది, నిజమే, కానీ సూటిగా అడగగల పిల్లకు ఆ నటన నేర్పనక్కరలేదు.

ఇలా సూటిగా అడిగిన ఎనిమిదేళ్ల పిల్లలలో అందరికన్నా ప్రసిద్ధురాలు న్యూయార్క్‌కు చెందిన వర్జీనియా ఓహాన్లన్. స్నేహితులు శాంటా లేడంటున్నారని ఆ పిల్ల తండ్రిని అడిగితే, సన్ పత్రికకు రాయమని, అందులో వచ్చినదే నిజమని ఆయన అన్నాడు. 1897 సెప్టెంబరు 21న ఆ పత్రిక సంపాదకీయంగా జవాబు వేసింది. పేరు లేకుండా వేసిన ఆ జవాబును రాసినవాడు ఫ్రాన్సిస్ చర్చ్ అని 1906లో ఆయన పోయిన తర్వాత గానీ లోకానికి తెలియలేదు. ప్రేమా ఉదారతా ఉన్నట్టే శాంటా కూడా ఉన్నాడన్న ఆ వాదన అమెరికాలో ఇప్పటికీ క్రిస్మస్ వచ్చిందంటే అచ్చవుతూనే ఉంటుంది. వ్యాసంగా అది చాలా బాగుంటుంది. సమాధానంగా మాత్రం నాకు అంతగా నచ్చదు. కానుకలు ఎవరు పెడుతున్నారని అడిగిన పిల్లకు ప్రేమ కంటికి కనిపించదని చెప్పడం అడిగినదానికి జవాబు కాదు. ఆ తండ్రి ప్రశ్నను పత్రిక మీదికి తోసి తప్పుకున్నాడు. మీరు నాకు రాసినంత మాత్రాన ఆ పని నేను చేయలేను. నా జవాబు మీకు, పాపకు జవాబు మీరే చెప్పాలి.

ఎలా చెప్పాలంటే, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు కాదు, డిసెంబరు 24 రాత్రి అసలే కాదు. పాపతో మీరొక్కరే, లేదా మీరూ మీ వారూ ఉన్న సమయం చూసుకోండి. కారులో వెళుతున్నప్పుడైతే ఇంకా మంచిది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మాట్లాడుకునే వీలుంటుంది కనుక కష్టమైన మాటలు కారులో తేలిగ్గా వస్తాయి. "ఆ రోజు నువ్వు అడిగావు, నేను సరిగా చెప్పలేదు. నీకేమనిపిస్తోంది?" అని మీరే ఎత్తుకోండి. ఈ ప్రశ్న ఒక్కసారే అడగండి, తప్పించుకోవడానికి వాడకండి. తాను ఏమేం గమనించిందో పాప చెబితే ఓపికగా వినండి. తర్వాత "అవును, కానుకలు పెట్టేది నేనూ నాన్నా. నీకు సంతోషంగా ఉంటుందని అలా చేశాం, మాకూ చాలా సంతోషంగా ఉండేది" అనండి. అంతకన్నా ఎక్కువ ఉపన్యాసం వద్దు. కోపం వస్తే రానివ్వండి, "అయితే నాతో అబద్ధం చెప్పారా?" అంటే, "అవును, అది కల్పించిన కథే" అని ఒప్పుకోండి. ఒప్పుకోలు చిన్నదిగా, సూటిగా ఉండాలి. ఆ మాటలు చెప్పేటప్పుడు ఫోన్ తీసి వీడియో తీయకండి. పిల్లల ఏడుపును నలుగురికీ పంచి నవ్వుకునే అలవాటు ఈ మధ్య బాగా ఎక్కువైంది, నాకది క్రూరంగా అనిపిస్తుంది.

శాంటా చూస్తున్నాడు, అల్లరి చేస్తే కానుక రాదు అని ఇన్నాళ్లూ మీరు పాపను బెదిరించి ఉంటే, ఆ సంగతి కూడా పాప అడగకముందే మీరే ఎత్తడం మంచిది. నా ఉద్దేశంలో పిల్లలు చాలాకాలం గుర్తుంచుకుని నొచ్చుకునేది కానుక సంగతి కన్నా ఈ కాపలా సంగతినే.

పాప కుదుటపడ్డాక ఇంకా తెలుసుకోవాలని అడిగితే చెప్పడానికి మీ దగ్గర చాలా నిజం ఉంది, అది కథ కన్నా ఏమీ తీసిపోదు. ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే పట్టణంలో నాలుగో శతాబ్దంలో నికొలస్ అనే బిషప్ నిజంగానే ఉండేవాడు; రహస్యంగా దానాలు చేసేవాడని ఆయన గురించి కథలు పుట్టాయి; ఆయన పండుగ డిసెంబరు 6. నెదర్లాండ్స్‌లో ఆయన సింటర్‌క్లాస్ అయ్యాడు, ఆ పేరే అమెరికాలో శాంటా క్లాజ్‌గా మారింది. 1823లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణపు పత్రిక ఒకటి పేరు లేకుండా అచ్చువేసిన పద్యంతో ఎనిమిది జింకల బండీ, పొగగొట్టంలోంచి దిగడమూ స్థిరపడ్డాయి. 1863 నుంచి థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు హార్పర్స్ వీక్లీ పత్రికలో వేసిన బొమ్మలతో ఆ పద్యంలోని పొట్టా గడ్డమూ జనం కళ్లలో నిలిచిపోయాయి. 1931 నుంచి కోకాకోలా ప్రకటనల్లో హాడన్ సండ్‌బ్లమ్ వేసిన ఎర్రకోటు తాతను లోకమంతా గుర్తుపట్టింది. ఎర్రకోటును కోకాకోలాయే కనిపెట్టిందన్నది మాత్రం ఉత్తమాట, ఎర్రకోటు శాంటా బొమ్మలు అంతకుముందూ ఉన్నాయి. ఎనిమిదేళ్ల పిల్లకు ఇలాంటి సంగతులు బాగా రుచిస్తాయి. మోసపోయినదాన్ని అనుకునే పిల్ల, ఒక కథ ఎలా తయారవుతుందో తెలిసినదాన్ని అనుకోవడం మొదలుపెడుతుంది.

దేవుడి గురించి మీరు అడిగిన ప్రశ్న బరువైనదే, కానీ మీరనుకున్నంత ప్రమాదకరమైనది కాదు. పిల్లలు మన మాటల కన్నా మన చేతలను ఎక్కువగా చూస్తారు. పాప నిద్రపోయిన తర్వాత మీరు చేసే పనులే తేడా చెబుతాయి: శాంటా పని మీరే చేస్తారు, దేవుడికి మాత్రం పాప చూసినా చూడకపోయినా దణ్ణం పెట్టుకుంటారు. మీ అత్తగారు కష్టమొస్తే తిరుపతికి మొక్కుకోవడం పాప చూసి ఉంటుంది. శాంటాకు మొక్కుకున్న పెద్దవాళ్లను ఎప్పుడూ చూసి ఉండదు. అయినా పాప అడిగితే, శాంటా విషయంలో చేసినట్టు ఇక్కడ ఇంకో కట్టుదిట్టమైన సాక్ష్యం చూపించబోకండి. మీరు నమ్ముతారు కనుక "నేను నమ్ముతాను, నాయనమ్మ నమ్ముతుంది, మేము నిజంగానే నమ్ముతున్నాం, నీ కోసం ఆడుతున్న ఆట కాదు, నమ్మనివాళ్లు కూడా లోకంలో ఉన్నారు" అని చెప్పండి. మీ వారికి అంత నమ్మకం లేకపోతే ఆ మాట వారే చెప్పనివ్వండి. తర్వాతి సంగతి పాప పెరిగేకొద్దీ తానే చూసుకుంటుంది.

తమ్ముడి విషయంలో ఒక్క జాగ్రత్త చెబుతాను. రహస్యం కాపాడమని పాపను అడగవచ్చు, చాలామంది పిల్లలు ఆ పెద్దరికాన్ని గర్వంగానే మోస్తారు. కానీ వాడు వచ్చి "అక్కా, శాంటా ఉన్నాడా?" అని అడిగితే ఉన్నాడని చెప్పి తీరాలని పాప మీద బరువు పెట్టకండి, "అమ్మని అడుగు" అంటే చాలని చెప్పండి. నోరు జారినా తిట్టకండి. నాలుగేళ్ల పిల్లవాడు అక్క మాటను అరగంటలో మరిచిపోయే అవకాశమే ఎక్కువ. మరిచిపోకపోతే వాడికీ నిజం చెప్పవలసి వస్తుంది, అంతే కదా.

మీ అత్తగారి మాటను కూడా తేలిగ్గా తీసేయకండి. గుంటూరు వైపు ఆవిడ చూసిన క్రిస్మస్ తాత వేరు. డిసెంబరు రాత్రుళ్లు చర్చివాళ్ల క్యారల్స్ బృందం వీధిలోకి వస్తే, వాళ్లతో పాటు ఎర్రకోటూ ముఖానికి మాస్కూ వేసుకున్న క్రిస్మస్ తాత గంతులేస్తూ వచ్చి పిల్లలకు చాక్లెట్లు పంచుతాడు. ఆ మాస్కు వెనకున్నది ఫలానావారి అబ్బాయని వీధిలో అందరికీ తెలుసు, పిల్లలకూ తెలుసు, అయినా చేయి కలపడానికి ఎగబడతారు. ఆ తాతను ఎవరూ నమ్మనక్కరలేదు కనుక ఎవరి నమ్మకమూ పోదు. మీ పాపకు ఆ సంగతి నాయనమ్మ చేతనే చెప్పించండి. మారువేషమని తెలిసి కూడా ఆనందించవచ్చన్నది ఈ సమయంలో పాపకు పనికొచ్చే మాట, పైగా ఇంట్లో జరుగుతున్న ఈ వాదనలో ఆవిడకూ ఒక మంచి పని దొరుకుతుంది.

ఈ ఏడాది చెట్టు మానకండి. నిజం అడిగినందుకు పండుగ పోయిందని పాపకు అనిపించకూడదు. తన కానుక మీద ఇకనుంచి "అమ్మా నాన్నల నుంచి" అని రాయండి. బాబు కానుకను ఎంచి, కాగితం చుట్టే పని పాపకు ఇష్టమైతే ఇవ్వండి, ఇష్టం లేదంటే వదిలేయండి. శాంటా పేరుతో ఇచ్చేది ఇద్దరికీ చిన్నదిగానే ఉంచి, ఖరీదైనవి మీ పేరుతోనే ఇవ్వండి. బడికి వెళ్లి చెప్పుకున్నప్పుడు బస్సులో పక్కన కూర్చునే పిల్ల చిన్నబుచ్చుకోకుండా ఉంటుంది.